వెండిరంగు పూత

జనవరి 11, ఆదివారం

ఫుర్బా బండి నిన్న మధ్యాహ్నం కొండపైన బికేభంజ్యాంగ్‌లో ఆగిపోయిందట. తాళం తిప్పితే టక్ అందట. అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. పైన మంచు పడుతోంది. బండిలో ఉన్నది ఇద్దరే, వాడూ, సందక్‌ఫు లాడ్జిలో వంట చేసే మైలీ అక్కా. ఆవిడకి ఒళ్లు కాలిపోతున్న జ్వరం, కిందికి ఆసుపత్రికి తెస్తున్నాడు. తన ఉన్ని మేజోళ్లు విప్పి ఆవిడ కాళ్లకి తొడిగి, ఉత్త బూట్లతో మంచులో కాలాపోఖ్రీ దాకా నడిచి మనుషుల్ని పిలుచుకొచ్చాడు. అక్క బతికింది. వాడి కుడికాలి వేళ్లు నల్లబడ్డాయి. ఇప్పుడు సుఖియా ఆసుపత్రిలో ఉన్నాడు.

నా పెళ్లాం సుకమాయా పొద్దున్నించి ఏడుస్తోంది. తోడబుట్టినవాడు కాకపోయినా ఏటా తీహార్ పండక్కి తన చేత్తో నుదుట టీకా బొట్టు పెట్టే తమ్ముడు.

మా మానేభంజ్యాంగ్ ఊరంతా ఇదే మాట. బండి సంగతి వచ్చేసరికి అందరూ నావైపు చూస్తున్నారు. ఎందుకు చూడాలి? ఊళ్లో ఉన్న ల్యాండ్ రోవర్లన్నీ నాకంటే వయసులో పెద్దవి. పొద్దున్న లేస్తే ఏదో ఒకటి మొరాయిస్తుంది. మొరాయించకపోతే బండ్లు బాగుచేసే మిస్త్రీ ఎందుకు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, టీకొట్లో ఎవరూ అడక్కముందే నేనే అన్నాను, "నా దగ్గరకి వచ్చినప్పుడు బాగానే ఉందయ్యా" అని.

"అసలు చదును నేల మీద ఇంజిన్ ఎందుకు ఆపాడు?" అన్నాడు తిలక్. డ్రైవర్ల సంఘం పెద్ద కదా, మొదట తప్పు వెతుకుతాడు. ఈసారి మాత్రం సరిగ్గానే అడిగాడు. ఇక్కడ పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు, బండి ఆపితే మూతి పల్లానికి పెట్టి, చక్రం కింద రాయి వేసి ఆపాలని. పొద్దున్న రాయి తీస్తే దొర్లుతుంది, గేరు వేస్తే ఇంజిన్ అందుకుంటుంది. సెల్ఫ్ కొట్టే పనే లేదు. పైన చదును నేల మీద ఇంజిన్ ఆపకూడదన్నది సంఘం కట్టుబాటు.

సెల్ఫ్ సరిగ్గా పనిచెయ్యడం లేదని ఫుర్బా నాతో ఎప్పుడూ చెప్పలేదు. ఇది రాసిపెట్టుకుంటున్నాను.

జనవరి 12, సోమవారం

తిలక్ తన బండికి తాడు కట్టి లాగితే ఫుర్బా బండి అందుకుందట. దాని ఇంజిన్ మీద అదే దిగి వచ్చింది. తెచ్చి నా షెడ్డు ముందు పల్లంలో ఆపి, రాయి వేసి పోయారు.

"చూసి చెప్పు మిస్త్రీ. తప్పు బండిదా, మనిషిదా? ఇరవై నాలుగున మీటింగ్. నీ మాట మీదే నడుస్తుంది" అన్నాడు తిలక్.

రేపు చూస్తానన్నాను. చేతిలో మూడు బండ్ల పని ఉంది. మూడు కాదు, ఒకటి.

జనవరి 13, మంగళవారం

సుకమాయాతో ఆసుపత్రికి వెళ్లాను. ఫుర్బా మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలగడ మీద పెట్టిన కాలికి కట్టిన కట్టు పనసకాయంత ఉంది. వాడి పెళ్లాం డోమా పక్కన కూర్చుని థుక్పా తాగిస్తోంది. నన్ను చూడగానే గిన్నె తోసేశాడు.

"వచ్చావా బావా! ఇప్పుడే దీంతో అంటున్నా, మా బావ ఒక్క నిమిషంలో పట్టేస్తాడని."

"ముందు ఏం జరిగిందో చెప్పరా" అన్నాను.

"అక్క ఒకటే వాంతులు. పొగ లోపలికొస్తోంది నాయనా, ఊపిరాడట్లేదు, కాసేపు ఆపు అంది. చదును నేలని నాకు తెలుసు బావా. కానీ ఆ మొహం చూస్తే నువ్వైనా ఆపేవాడివే. ఐదు నిమిషాలాగి తాళం తిప్పా. టక్. ఒక్కటే టక్. బ్యాటరీ ఏమోనని లైట్లేసి చూశా. మంచు మీద పడి కళ్లు చెదిరిపోయాయి. లైట్లు వేసుంచే సెల్ఫ్ కొట్టా. ఇసుమంత కూడా మసకబారలేదు. హారన్ మోగింది. దిగి సెల్ఫ్ మోటారు మీద రాయితో నాలుగు దెబ్బలేశా, నువ్వు చెప్పినట్టే. ఊహూఁ. ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. ఒకటి మాత్రం వింత బావా. ఇంజిన్ ఆపడానికి తీగ లాగుతామే, దాని పిడి పట్టుకుంటే చెయ్యి కాలింది. ఆ చలిలో!"

పక్క మంచం ముసలాయన, "ఈసారి మాకూ తలా ఒక పిడి పట్రావయ్యా, రాత్రిళ్లు చలికి చస్తున్నాం" అన్నాడు. అందరూ నవ్వారు. డోమా కూడా కొంగు అడ్డం పెట్టుకుని, "చలికి మతి చలించి ఉంటుంది అన్నయ్యా" అంది. నేనూ నవ్వాను.

అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వేనని వచ్చే దారిలో సుకమాయా అంది.

జనవరి 14, బుధవారం

చూశాను. బండికి ఏమీ లేదు. తాళం తిప్పగానే సెల్ఫ్ అందుకుంది. తిలక్‌ని పిలిచి అతని చేతే కొట్టించాను. మూడుసార్లు కొడితే మూడుసార్లూ అందుకుంది.

జనవరి 15, గురువారం

మంచు. పని లేదు.

జనవరి 16, శుక్రవారం

నిన్న కూడా రాద్దామని కూర్చుని పై రెండు ముక్కలు రాసి మూసేశాను. ఈ పుస్తకం ఎవరు చదువుతారు? సుకమాయాకి నా రాత అర్థం కాదు, నాకే ఒక్కోసారి కాదు. ఇక్కడ కూడా దాచుకుంటే ఇక రాయడం ఎందుకు?

మొన్న రాసింది అబద్ధం కాదు. బండికి ఏమీ లేదు. నేను ముట్టుకునే ముందు ఉంది, ముట్టుకున్నాక లేదు.

ఆసుపత్రిలో పిడి కాలిందని వాడు అనగానే నాకు తెలిసిపోయింది. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వెళ్లిన కరెంటు ఇంజిన్ మీదుగా ఛాసీలోకి, అంటే బండి ఇనుప చట్రంలోకి దిగి మళ్లీ బ్యాటరీకి చేరాలి. అందుకే ఇంజిన్‌నీ ఛాసీనీ కలుపుతూ బొటనవేలంత ఎర్త్ పట్టీ ఉంటుంది. అది పట్టు వదిలితే లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం టక్ అని ఊరుకుంటుంది. కరెంటు ఇంకో దారి వెతుక్కుని, ఇంజిన్‌కి తగులుకుని ఉన్న ఆ సన్నతీగలోంచి దూరి వస్తుంది. తీగ కాలకుండా ఉంటుందా? అంత ఏనుగు పిల్లి కన్నంలోంచి దూరినట్టు. వాడు చెప్పిన ప్రతి మాటా నిజం. డ్రైవర్లలో అంత వివరంగా చెప్పినవాణ్ని నేను చూడలేదు.

మొన్న మధ్యాహ్నం బండిని షెడ్డులోకి దొర్లించి, తలుపు సగం దించుకుని బానెట్ లేపాను. మామూలుగా తలుపు దించను. సెల్ఫ్ కొట్టాను, టక్. ఒక లావు వైరు తీసుకుని ఇంజిన్‌కీ ఛాసీకీ మధ్య పట్టాను. కొట్టాను, ఒక్క దెబ్బకి అందుకుంది. వైరు తీసేశాను. టక్. ఇక చూడటానికి ఏముంది? అయినా బోల్టు విప్పి ఎర్త్ పట్టీ పక్కకి తీశాను.

కింద ఇనుము లేదు. వెండిరంగు ఉంది. నా కుంచె గీతలతో సహా ఉంది.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజకి వేసిన రంగు. ఆ నాలుగు రోజులు ఊళ్లో బండ్లన్నీ నా షెడ్డు ముందే ఉంటాయి. పెళ్లికూతుళ్లకి కూడా అంత ముస్తాబు ఉండదు. నాకు బంపరు, నాకు ఛాసీ, నాకు ఇంజిన్ కాళ్లు, అంటూ ఒకరిని చూసి ఒకరు. ఫుర్బా బండికి పట్టీ విప్పి, ఛాసీ మొత్తానికి వెండిరంగు కొట్టి, ఆరాక పట్టీ బిగించాను. పట్టీ కూర్చునే చోట రంగు గీకాలి, రంగులోంచి కరెంటు పారదు. మిస్త్రీ అన్నవాడు నిద్రలో కూడా చేసే పని. వెండిరంగు కదా, చూడటానికి తోమిన ఇనుములాగే ఉంది. మోసపోయాను. బోల్టు మరలు ఇనుముకి తగులుతూ ఉండటంతో కొన్నాళ్లు పనిచేసి ఉంటుంది, తర్వాత తుప్పు పట్టి అదీ పోయింది. అందరం బండ్లు దొర్లించుకునేవాళ్లమే, సెల్ఫ్ పోయిన సంగతి ఎవడికి తెలుస్తుంది?

ఇంతవరకూ పొరపాటు. తర్వాత చేసింది ఏమనాలో నాకు తెలియదు. ఆకురాయి తీసుకుని ఆ రంగు గీకేశాను. తళతళలాడేదాకా గీకి, పట్టీ బిగించి, పైన గ్రీజు రాసి, కింద రాలిన పొడి తడిగుడ్డతో తుడిచేశాను. తలుపు ఎత్తి తిలక్‌ని పిలిచాను.

జనవరి 18, ఆదివారం

మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలు, పక్క రెండూ. కుడికాలు.

ఎక్సలేటర్ కాలు.

జనవరి 21, బుధవారం

ఒకవేళ చెప్పినా వేళ్లు వస్తాయా? రావు. సంఘం ఏం చేస్తుంది, ఒక నెల సవారీల వరసలో వాడి నంబరు ఆపుతుంది. ఎలాగూ కాలు మానడానికి నెల పడుతుంది. ఈ లెక్కన ఎవరికీ నష్టం లేదు.

ఇదే మాట అనుకోవడం పొద్దున్నించి ఇది ఎన్నోసారో.

జనవరి 24, శనివారం

మీటింగ్ అయింది. నేను తేలు కుట్టిన దొంగలా మూలబెంచీలో కూర్చున్నాను. తిలక్ పిలిచి ముందుకి రమ్మన్నాడు.

"బండి చూశావు కదా?"

"చూశాను."

"ఏమైనా ఉందా?"

"నువ్వే కొట్టి చూశావు కదా. అందుకుంది."

అదీ అబద్ధం కాదు. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది.

ఫుర్బా తరఫున డోమా వచ్చింది. చేతిలో కాయితం లేదు, కంఠతా పట్టుకొచ్చింది. "ఆయన చెప్పమన్నాడు. లైట్లు బాగా వెలిగాయంట. టక్ అని ఒక్కసారే అందంట. బ్యాటరీ అయిపోతే టకటకటక అని కొట్టుకోవాలి గానీ ఒక్కటే టక్ అనదంట. మిస్త్రీ బావని అడగండి, ఆయనకి తెలుస్తుంది అన్నాడు."

అందరూ నావైపు తిరిగారు. డోమా కూడా తిరిగింది. ఆ ముఖంలో అనుమానం లేదు, అదే భరించలేకపోయాను. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

"అలా అవుతుందా మిస్త్రీ?" అన్నాడు తిలక్.

నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అంత చలిలో ఉన్న మనిషికి ఏం కనబడిందో, ఏం వినబడిందో ఎవరు చెప్పగలరు?"

ఇంజిన్ ఆపి లైట్లు వేసుంచాడు, బ్యాటరీ దిగిపోయింది, కిందికి దిగేటప్పుడు మళ్లీ నిండింది, అని తిలక్ తేల్చేశాడు. చదును నేల మీద ఆపడం ఒక తప్పు. లైట్లు ఆర్పకపోవడం ఇంకో తప్పు. ఆర్పలేదని ఒప్పుకోకపోవడం మూడో తప్పట. వరసలోంచి ఫుర్బా పదిహేడో నంబరు ఏడాది పాటు తీసేశారు. నెల కాదు. ఏడాది.

బయట డోమా నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. "పోనీలే అన్నయ్యా, నువ్వు మాత్రం ఏం చేస్తావు, ఉన్నమాట చెప్పావు" అంది.

జనవరి 26, సోమవారం

సుకమాయా గుంద్రుక్ ఆకుకూర వండింది. తినలేదు.

"అన్నం మీద అలిగితే కడుపు మాడుతుంది గానీ అన్నానికేం?" అంది. "మీటింగ్ నుంచి వచ్చినప్పట్నించీ చూస్తున్నా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు. ఏమైంది నీకు?"

"ఫుర్బా గురించే."

"మరి పోయి పలకరించు. ఇంటికొచ్చాడుగా. రెండు గుమ్మాల అవతలే ఉన్నాడు."

వెళ్లలేదు.

జనవరి 28, బుధవారం

వాడే వచ్చాడు. చంక కింద కర్రలు పెట్టుకుని, ఆ మంచు బురదలో, నా షెడ్డుకి. జేబులోంచి చుర్పీ, రాయిలాంటి ఎండు జున్ను ముక్కలు తీసి ఇచ్చాడు. మైలీ అక్క పంపిందట, ఇద్దరికీ.

బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. లోపల ఎక్కలేక కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. వెంటనే అందుకుంది. వాడి ముఖం పాలిపోయింది. బండి స్టార్ట్ అయితే ముఖం పాలిపోయిన డ్రైవరుని ఇవాళే చూశాను.

"ఇంత బాగా ఉంది. అయితే నేనే లైట్లు ఆర్పలేదు కదా బావా?"

నేను రెంచీ తుడుస్తున్నాను.

"ఆర్పాననే గుర్తు. కాదు కాదు, వేసింది తర్వాత కదా, ముందు వెయ్యనే లేదు. అలాగనే గుర్తు. కానీ ఇప్పుడు ఏదీ నమ్మబుద్ధి కావట్లేదు. పొయ్యి ఆర్పామా, తలుపు గడియ పెట్టామా అని డోమాని పదిసార్లు అడుగుతున్నా. విసుక్కుంటోంది పాపం. చెవులకి వినపడింది వినపడలేదంటే, కళ్లకి కనపడింది కనపడలేదంటే, ఇక నాకు తెలిసిందేముంది చెప్పు?"

"మానిపోతుందిలేరా" అన్నాను. ఏది మానిపోతుందో చెప్పలేదు.

"సిలిగుడి నుంచి ఒక హోటలాయన బండి అడుగుతున్నాడు. పచ్చిక మీద నిలబెట్టుకుంటాడంట, పిల్లలెక్కి ఫొటోలు దిగడానికి. మంగళవారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఇచ్చేస్తున్నా బావా."

"మీ నాన్న బండిరా అది."

"నాన్నదే. మనిషికి మతి సరిగ్గా లేనప్పుడు కొండమీదికి పదిమందిని ఎక్కించుకుపోకూడదు. ఏడాది కాదు, పదేళ్లు ఆపినా సంఘం తప్పు లేదు." కర్రలు సర్దుకున్నాడు. "నువ్వు చూసి చెప్పావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎప్పటికీ బండిదే తప్పనుకుంటూ ఉండేవాణ్ని."

చుర్పీ నోట్లో వేసుకున్నాను. ఎంతసేపు నమిలినా మింగుడు పడలేదు.

జనవరి 29, గురువారం

చెప్పాలి.

జనవరి 30, శుక్రవారం

రేపు.

జనవరి 31, శనివారం

మొదటి రోజు రాసింది తిరగేసి చూశాను. "ఫుర్బా నాతో ఎప్పుడూ చెప్పలేదు." ఎంత గట్టిగా అదిమి రాశానంటే అచ్చు వెనక పేజీకి దిగింది.

చెప్పాడు. తీహార్‌లో, భాయిటీకా రోజు. నుదుట ఏడు రంగుల టీకా, మెళ్లో మఖమలీ పూలదండ, ఒళ్లో సుకమాయా ఇచ్చిన సేల్ రొట్టెల పళ్లెం. తింటూ అన్నాడు, "బావా, సెల్ఫ్ ఒక్కోసారి టక్ అని ఊరుకుంటోంది, ఒకసారి చూస్తావా" అని. నేను తోంగ్బా కల్లు పీలుస్తున్నాను. "చలికి అంతేరా. సెల్ఫ్‌తో నీకేం పని, దొర్లించుకో పో" అన్నాను. నవ్వి రొట్టె తిన్నాడు. మళ్లీ అడగలేదు. బావ చెప్పాక ఇంకెందుకు అడుగుతాడు?

రంగు సంగతి తెలియక జరిగిందని ఇన్నాళ్లూ నన్ను నేను ఊరడించుకున్నాను. తెలుసుకోమని వాడు వచ్చి అడిగాడు. నేనే దొర్లించేశాను.

సాయంత్రం సుకమాయాకి అంతా చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. చివర్న లేచి, నా ముందున్న టీ కప్పు తీసి పెరట్లో ఒలకబోసి వచ్చింది.

"నాకు చెప్పి ఏం లాభం? పోయినవి నా వేళ్లా?" అంది. "రేపు పొద్దున్న నంబర్లు చదివే చోటికి పో. నా తమ్ముడి మతిని తీసుకెళ్లి అందరి ముందూ దొంగిలించావు. అందరి ముందూ ఇచ్చెయ్."

ఫిబ్రవరి 1, ఆదివారం

చెప్పాను. ఎలా జరిగిందో అలాగే రాయాలి, ఈసారి ఏమీ మింగకుండా.

పొద్దున్నే బండ్లన్నీ వరసలో ఉన్నాయి. తిలక్ మెట్టుమీద నిలబడి నంబర్లు చదువుతున్నాడు. ఫుర్బాకి నంబరు లేకపోయినా రోజూ వచ్చి టీకొట్టు బల్లమీద కూర్చుంటాడట, డోమా తోడుగా ఉంటుంది. ఇవాళా ఉన్నారు. పధ్నాలుగు, పదిహేను, పదహారు, పద్ధెనిమిది.

"పదిహేడు చదవలేదు" అన్నాను.

"పదిహేడు లేదుగా మిస్త్రీ, మర్చిపోయావా?"

"ఉంది. ఉండాలి. తప్పు వాడిది కాదు, నాది."

తర్వాత ఆగలేదు. రంగు, పట్టీ, తీహార్ నాడు వాడు అడగడం, నేను పట్టించుకోకపోవడం, తలుపు దించుకుని గీకడం, పొడి తుడిచేయడం, మీటింగ్‌లో అన్న మాట. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. తిలక్ మెట్లు దిగి వచ్చి, "మెల్లగా మిస్త్రీ, టూరిస్టులు వింటున్నారు" అన్నాడు. వినని అన్నాను.

ఫుర్బా లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"లైట్లు?" అన్నాడు.

"వెలిగాయి. నువ్వు చెప్పినట్టే."

"టక్?"

"ఒక్కటే."

"పిడి కాలింది?"

"కాలి తీరుతుంది. ఆసుపత్రిలో నువ్వు ఆ మాట అనగానే నాకు తెలిసిపోయింది."

వాడు నన్ను చూడనే లేదు. డోమా వైపు తిరిగాడు. "విన్నావా? నాకు మతి పోలేదు. విన్నావుగా? లైట్లు వెలిగాయి." ఆ మాటే మూడుసార్లు అన్నాడు. వేళ్లు తీసేసిన రోజు కూడా ఏడవలేదని విన్నాను. ఇవాళ ఏడ్చాడు, నలుగురిలో, ముఖం కూడా దాచుకోకుండా.

డోమా నా దగ్గరికి వచ్చింది. అరవలేదు. "రంగు గీకడం మర్చిపోయావు. సరే, మనిషన్నాక పొరపాటవుతుంది. ఆ రంగు అలాగే ఉంచి మమ్మల్ని పిలిచి చూపించి ఉంటే, నీతో కలిసి ఏడ్చేవాళ్లం. మరి ఆకురాయితో గీకావే, అదీ పొరపాటేనా?"

"కాదు" అన్నాను.

"లైట్లు వేసుంచానని ఆయన నా దగ్గర ఒప్పుకున్నాడు తెలుసా? చెయ్యని తప్పు. నేనే ఒప్పించాను, ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందని." అని వెనక్కి వెళ్లి ఫుర్బా చెయ్యి పట్టుకుంది.

సంఘం అక్కడికక్కడే పదిహేడో నంబరు తిరిగి ఇచ్చింది. నన్ను ఏం చెయ్యాలన్నది కాసేపు మాట్లాడుకున్నారు. జరిమానా అన్నారొకరు, షెడ్డు మూయించాలన్నారు ఇంకొకరు. "మూయిస్తే రేపు నీ బండి ఎవడు చూస్తాడు?" అన్నాడు తిలక్. అంతే, ఎవరి బండి దగ్గరికి వాళ్లు పోయారు. రాళ్లు తీశారు, బండ్లు దొర్లాయి. నేను మాత్రం అక్కడే నిలబడి ఉన్నాను. శిక్ష వెయ్యడానికి కూడా పనికిరానివాణ్నయ్యాను.

ఫిబ్రవరి 2, సోమవారం

పొద్దున్న ఇద్దరు డ్రైవర్లు వచ్చి ఫుర్బా బండి వాడి ఇంటికి తోలుకుపోయారు. పనికి ఒక్క బండి కూడా రాలేదు.

ఫిబ్రవరి 3, మంగళవారం

హోటలాయన వచ్చాడట. ఫుర్బా టీ తాగించి పంపేశాడట. కుళాయి దగ్గర ఎవరో అనుకుంటుంటే సుకమాయా విని వచ్చింది. డోమా కూడా అక్కడే ఉందట గానీ ఈమెతో మాట్లాడలేదట. నా పాపం నా పెళ్లానికీ అంటింది.

ఫిబ్రవరి 5, గురువారం

పది గంటలకి ఫుర్బా బండి తీసుకుని వచ్చాడు. దొర్లించుకుని కాదు, సెల్ఫ్ కొట్టి, మడమతో తొక్కుకుంటూ. వాడి వెనకే ఇంకో రెండు బండ్లు వచ్చి ఆగాయి.

ఎక్సలేటర్ పెడల్‌కి ఇనుపరేకు అతకాలన్నాడు. వేళ్లు లేవు కాబట్టి మడమతో తొక్కేలా, ఈ చివర ఎత్తుగా, ఆ చివర వెడల్పుగా. కాలు చూపించాడు. మేజోడు ముందు భాగం లోపలికి మడిచి కుట్టి ఉంది. కొలత తీసుకోవడానికి ఆ కాలు చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. మడమ నుంచి కుట్టు దాకా కొలిచి రేకు మీద గీశాను.

ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లో డ్రైవర్లు బండి తెచ్చి, తాళం నా బల్లమీద పడేసి, టీకొట్టుకి పోతారు. పని అయ్యాక పిలిస్తే వస్తారు. మిస్త్రీ పక్కన నిలబడి చూడటమంటే మిస్త్రీని దొంగ అన్నట్టే. ఎవరూ అలా చెయ్యరు.

ఫుర్బా తాళం జేబులో వేసుకుని, కర్రల మీద వాలి, నా భుజం పక్కన నిలబడ్డాడు. మిగతా ఇద్దరు డ్రైవర్లు కూడా టీకి వెళ్లలేదు. కాస్త దూరంగా నిలబడ్డారు.

"కాలు నొప్పి పెడుతుందిరా, కూర్చో. టీ తాగిరా పో, గంట పడుతుంది" అన్నాను.

"పని కానివ్వు మిస్త్రీ" అన్నాడు. "నేను చూస్తుంటాను."

మిస్త్రీ అన్నాడు. ఇన్నాళ్లూ నన్ను బావా అనే పిలిచేవాడు.

పెడల్ మీదున్న పాత పెయింటంతా గీకాను. వాడు వంగి వేలితో తడిమి, సరే అన్నట్టు తలూపాడు. రేకు పెట్టాను, చూశాడు. అతికాను, చూశాడు. బోల్టు బిగించే ముందు ప్రతిదీ వాడికి చూపించి బిగించాను. గంట పట్టాల్సిన పనికి మధ్యాహ్నమైంది. తర్వాత రెండో బండి డ్రైవరు తాళం జేబులో వేసుకుని వచ్చి, ఫుర్బా నిలబడిన చోటే నిలబడ్డాడు.